జవాబు ఉన్న చోటనే ప్రశ్న: చైనాభాషలో ప్రశ్నవాక్యం

క్రొత్త దేశంలో అడుగుపెట్టిన మనిషికి మొదట అవసరమయ్యేవి ప్రశ్నలు. దారి ఎటు, ధర ఎంత, వీరెవరు, ఇది ఏమిటి అని అడుగగలిగితే చాలు, ఏ ఊళ్లోనైనా ఒక పూట గడుపుకోవచ్చును. వ్యాకరణగ్రంథాలలో ప్రశ్నవాక్యం ఏ పదవ ప్రకరణంలోనో కనబడవచ్చు గాని, బ్రతుకులో దాని స్థానం మొదటిది. చైనాభాష నేర్చుకొనే భారతీయ విద్యార్థికి ఆ ప్రశ్నవాక్యం దగ్గరనే తరచు తడబాటు కలుగుతూ ఉంటుంది. విచిత్రమేమంటే, ఆ తడబాటుకు కారణం చైనాభాషలోని కాఠిన్యం కాదు. ఇంగ్లీషు పాఠాలలో ఏళ్ల తరబడి వల్లించిన పదక్రమమే దానికి కారణం. తెలుగుపిల్లవాడు తన ఇంటి వాక్యాన్ని నమ్ముకొన్నట్లయితే ఈ విషయంలో పొరబడే అవకాశం చాలా తక్కువ.

ఇది కేవలం పండితులకు సంబంధించిన చర్చ కాదు. 21వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో వైద్యవిద్యకై చైనాకు వెళ్లిన భారతీయ విద్యార్థుల సంఖ్య వేలకు పెరిగింది. వారిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నుండి వెళ్లినవారున్నారు. వారికి పాఠాలు ఇంగ్లీషులో చెబుతారు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. కాని ఆసుపత్రిలో మంచం మీద పడుకొన్న రోగికి ఇంగ్లీషు రాదు. “మీకు ఎక్కడ నొప్పి?” అన్న ప్రశ్న చైనాభాషలోనే అడగాలి, రోగికి అర్థమయ్యేటట్లు అడగాలి. అక్కడ ప్రశ్న సరిగా కుదరకపోతే జవాబు కూడా సరిగా రాదు.

చైనాలో ప్రాంతీయ భాషలు అనేకం ఉన్నాయి. బీజింగు ఉచ్చారణ ఆధారంగా రూపొంది, 1956లో ప్రభుత్వ ఆదేశంతో దేశమంతటా ప్రచారంలోకి వచ్చిన ప్రామాణిక భాషకు ‘ఫుథుంగ్‌హ్వా’, అనగా సర్వసామాన్యమైన మాట, అని పేరు. ఇక్కడి ఉదాహరణలన్నీ ఆ భాషలోనివే. తెలుగులిపిలో చూపిన ఉచ్చారణ సుమారైనది మాత్రమే. అయితే ఒక సౌలభ్యం లేకపోలేదు. ఆ భాషలో పకార ఫకారాలకు, తకార థకారాలకు భేదం ముఖ్యం. అల్పప్రాణ మహాప్రాణాలకు వేరువేరు అక్షరాలున్న తెలుగులిపి ఆ భేదాన్ని తేలికగా చూపగలదు.

పీట మారదు

ఒక చిన్న వాక్యంతో మొదలుపెట్టవచ్చును. ‘వో మాయ్ షూ’ అనగా ‘నేను పుస్తకం కొంటాను’. ‘వో’ నేను, ‘మాయ్’ కొనుట, ‘షూ’ పుస్తకం. ఈ వాక్యంలో క్రియ నడుమ ఉన్నది, కర్మ చివర ఉన్నది. తెలుగులో కర్మ నడుమ, క్రియ చివర. ఈ మేరకు చైనా వాక్యం ఇంగ్లీషు వాక్యాన్ని పోలి ఉన్నది. ఈ పోలికే విద్యార్థిని మోసగిస్తుంది. ఇక్కడ ఇంగ్లీషులాగ ఉన్నది కాబట్టి ప్రశ్నలో కూడా ఇంగ్లీషులాగ ఉంటుందని అతడు ఊహిస్తాడు.

ఇంగ్లీషులో ‘నీవు ఏమి కొంటావు?’ అని అడగాలంటే రెండు పనులు చేయాలి. ‘ఏమి’ అన్న మాటను చివరి నుండి లాగి వాక్యం మొదట నిలబెట్టాలి. తరువాత కర్తకు ముందు ‘డు’ అనే సహాయక్రియను తెచ్చి పెట్టాలి. చైనాభాషలో ఈ రెండు పనులూ లేవు. ‘నీ మాయ్ షన్‌మ?’ అంటే చాలు. ‘నీ’ అనగా నీవు. తెలుగు ‘నీ’తో ఈ పోలిక కేవలం కాకతాళీయం. ‘షన్‌మ’ అనగా ఏమి. పుస్తకం ఏ పీట మీద కూర్చున్నదో ఆ పీట మీదనే ‘ఏమి’ కూర్చున్నది. తక్కిన మాటలు కదలలేదు.

కొనేది ఎవరో తెలియకపోతే ‘షేయ్ మాయ్ షూ?’ అంటారు. ‘షేయ్’ అనగా ఎవరు. కర్త ఉండవలసిన చోట ‘ఎవరు’ నిలిచింది. పుస్తకం ఎవరిదో తెలియకపోతే ‘చ్ర షర్ షేయ్ త షూ?’ అంటారు. మాటకు మాట చెప్పుకుంటే ‘ఇది, అగును, ఎవరి, పుస్తకం’. ‘త’ అనేది షష్ఠీవిభక్తి ప్రత్యయం వంటిది. ‘ఇది రాముని పుస్తకం’ అన్న వాక్యంలో రాముడున్న చోటనే ‘ఎవరు’ ఉన్నది. ‘ఇది ఎవరి పుస్తకం?’ అన్న తెలుగు ప్రశ్నలో జరిగినది కూడా ఇదే గదా! ఇంగ్లీషులో మాత్రం ‘ఎవరి పుస్తకం’ అన్న జంట మొత్తం మూటగట్టుకొని వాక్యారంభానికి ప్రయాణం చేయాలి.

చోటును గూర్చిన ప్రశ్నలో తెలుగుకున్న దగ్గరతనం మరింత స్పష్టమవుతుంది. ‘వో త్సాయ్ పెయ్‌చింగ్ మాయ్ షూ’ అనగా ‘నేను బీజింగులో పుస్తకం కొంటాను’. ‘త్సాయ్’ అన్నది ‘లో’ వంటి మాట. కాకపోతే తెలుగు ‘లో’ పేరుకు తరువాత వస్తుంది, ఇది ముందు వస్తుంది. చోటును తెలిపే మాట క్రియకు ముందు రావడం గమనింపదగినది. ప్రశ్న వేస్తే ‘నీ త్సాయ్ నార్ మాయ్ షూ?’, అనగా ‘నీవు ఎక్కడ పుస్తకం కొంటావు?’ బీజింగు పోయి ఆ చోట ‘ఎక్కడ’ వచ్చింది. కాలాన్ని గూర్చిన ప్రశ్నకు కూడా ఇదే పద్ధతి: ‘నీ షన్‌మ షర్‌హౌ మాయ్ షూ?’, అనగా ‘నీవు ఎప్పుడు పుస్తకం కొంటావు?’ ఇక్కడ ‘ఎప్పుడు’కు ఏకపదం లేదు, ‘ఏ సమయం’ అని రెండు మాటలు కూడినవి.

కాబట్టి సూత్రం ఒక్కటే. జవాబు ఏ స్థానంలో ఉండాలో ప్రశ్నపదం ఆ స్థానంలోనే ఉంటుంది. తెలుగులో కర్మ క్రియకు ముందుంటుంది కాబట్టి ‘ఏమి’ క్రియకు ముందు వచ్చింది. చైనాభాషలో కర్మ క్రియకు తరువాత ఉంటుంది కాబట్టి ‘షన్‌మ’ క్రియకు తరువాత వచ్చింది. పైకి క్రమం వేరుగా కనబడినా లోపలి ధర్మం ఒకటే.

ఇది అపురూపమైన ధర్మం కూడా కాదు. ప్రపంచభాషల నిర్మాణాలను గూర్చి 2005లో వెలువడిన ఒక మహాగ్రంథంలో ఈ విషయమై 800కు పైగా భాషలను పోల్చి చూశారు. ప్రశ్నపదం వాక్యారంభంలో ఉండి తీరాలన్న నిర్బంధం లేని భాషలే వాటిలో ఎక్కువ. అనగా ఈ సంగతిలో తెలుగు, చైనాభాషలు అధికసంఖ్యాకుల పక్షాన ఉన్నాయి. ఇంగ్లీషు అల్పసంఖ్యాకుల పక్షాన ఉన్నది. బడిలో మొదట చదివిన విదేశీభాష ఇంగ్లీషు కావడంచేత, దాని పద్ధతియే లోకపద్ధతి అన్న భ్రమ విద్యార్థికి కలుగుతుంది.

చైనా త్రికం

తెలుగు వ్యాకరణం చదివినవారికి ‘త్రికం’ అన్న మాట తెలియనిది కాదు. ఆ, ఈ, ఏ అన్న మూడింటినీ కలిపి చిన్నయసూరి బాలవ్యాకరణంలో త్రికమన్నాడు. అక్కడ, ఇక్కడ, ఎక్కడ. అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు. అట్లా, ఇట్లా, ఎట్లా. మొదటి అచ్చు మారితే దూరవస్తువు, దగ్గరి వస్తువు, తెలియని వస్తువు అన్న భేదం వస్తుంది. ప్రశ్నపదాలకు ఇంత చక్కని వరుస అన్ని భాషలకూ లేదు.

చైనాభాషలో ఇటువంటి త్రికం ఒకటి ఉన్నది. ‘చ్ర’ అనగా ఇది, ‘నా’ అనగా అది, ‘నా’ అనగా ఏది. చివరి రెండూ అచ్చులో ఒకేవిధంగా కనబడుతున్నాయి గాని చెవికి ఒకటి కావు. చైనాభాషలో ప్రతి అక్షరానికీ ఒక స్వరం ఉన్నది. ప్రామాణిక భాషలో ప్రధానస్వరాలు నాలుగు. నాలుగవ స్వరంలో, అనగా ధ్వనిని పైనుండి క్రిందికి చటుక్కున పడవేసి, ‘నా’ అంటే ‘ఆ’ అని అర్థం. మూడవ స్వరంలో, అనగా ధ్వనిని క్రిందికి దించి మెల్లగా లేపి, ‘నా’ అంటే ‘ఏ’ అని అర్థం. వీటికి చివర రకారాన్ని పోలిన ధ్వని చేరితే చోటును తెలిపే మాటలవుతాయి: పడే ‘నార్’ అక్కడ, దిగి లేచే ‘నార్’ ఎక్కడ.

వైద్యవిద్యార్థి రోగిని అడగవలసిన ప్రశ్న ఇక్కడే ఉన్నది. ‘నిన్ నార్ థంగ్?’ అనగా ‘మీకు ఎక్కడ నొప్పి?’ ‘నిన్’ అన్నది పెద్దవారిని, క్రొత్తవారిని ఉద్దేశించి వాడే ‘మీరు’. ‘థంగ్’ అనగా నొప్పి పుట్టుట. ‘నార్’ను దించి లేపితే ప్రశ్న అవుతుంది. దానిని పడవేసి పలికితే ‘అక్కడ నొప్పి’ అని వైద్యుడే తీర్మానించినట్లవుతుంది. తెలుగులో ఎకార అకారాల తేడా ఎంత పని చేస్తున్నదో, అక్కడ ఒక స్వరభేదం అంత పని చేస్తున్నది. ‘ఎక్కడ’ను ‘అక్కడ’ అని పలికే తెలుగువాడు ఉండడు. స్వరాన్ని అచ్చు అంత ముఖ్యంగా భావించిన విద్యార్థి అక్కడ కూడా పొరబడడు. స్వరమంటే మాటకు పైన పూసిన రంగు అనుకొన్నవాడే పొరబడతాడు.

లిపిలో ఈ రెండు మాటలకూ వేరువేరు గుర్తులున్నాయి. ‘ఆ’ అనే అర్థంగల గుర్తు ప్రక్కన నోటిని సూచించే చిన్న చతురస్రం చేరిస్తే ‘ఏ’ అనే గుర్తు అవుతుంది. అడిగేది నోరు గనుక నోటి గుర్తు చేరిందని పిల్లలకు చెబితే వారు మరచిపోరు. పూర్వం రెండింటికీ ఒకే గుర్తు వ్రాసి, సందర్భాన్ని బట్టి చదువుకొనేవారు. 20వ శతాబ్దం తొలిభాగంలో వ్యావహారిక రచన బలపడిన కాలంలోనే ఈ భేదం లిపిలో స్థిరపడింది. వ్రాత మాటకు దగ్గరైనకొద్దీ ప్రశ్నకు తనదైన గుర్తు కావలసివచ్చింది.

లెక్కలో మర్యాద

ఎంత, ఎన్ని అన్న ప్రశ్నలకు చైనాభాషలో ముఖ్యంగా రెండు మాటలున్నాయి. ఒకటి ‘చీ’, రెండవది ‘త్వోషావ్’. జవాబు పదిలోపు ఉంటుందని తోచినప్పుడు సాధారణంగా ‘చీ’ వాడతారు. అంతకు మించవచ్చునని తోచినప్పుడు ‘త్వోషావ్’ వాడతారు. ఈ రెండవ మాటలో ‘త్వో’ అనగా ఎక్కువ, ‘షావ్’ అనగా తక్కువ. ఎక్కువ తక్కువలు కలిసి ‘ఎంత’ అయినవి.

‘చీ’ వాడినప్పుడు లెక్కించే వస్తువును బట్టి ఒక పదం నడుమ రావాలి. పుస్తకాలైతే ‘చీ పన్ షూ?’, మనుష్యులైతే ‘చీ క రన్?’. ఈ ‘పన్’, ‘క’ వంటి మాటలు విద్యార్థికి మొదట వింతగా తోస్తాయి. కాని తెలుగువాడు ‘ఎన్ని పుస్తకాలు’ అంటాడు, ‘ఎంతమంది మనుష్యులు’ అంటాడు. మనుష్యులను లెక్కించేటప్పుడు ‘మంది’ చేరుస్తున్నాడు గదా! తెలుగులో మనుష్యులకు మాత్రమే కనబడే ఈ మర్యాద చైనాభాషలో సమస్త వస్తువులకూ వ్యాపించిందనుకొంటే వింత తగ్గుతుంది.

వయస్సు అడిగేటప్పుడు ఈ ‘చీ’ ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ‘నీ చీ స్వేయ్?’ అనగా ‘నీకెన్నేళ్లు?’. ‘చీ’ చిన్న సంఖ్యను ఆశించే మాట కాబట్టి ఈ ప్రశ్న చిన్నపిల్లలకే తగుతుంది. తలనెరసిన రోగిని ఇట్లా అడిగితే వ్యాకరణం తప్పు కాదు, మర్యాద తప్పుతుంది. పెద్దలను అడగడానికి వేరు మాటలున్నాయి. అట్లే క్రొత్తవారిని ‘షేయ్’ అని సూటిగా అడగడం మోటు, ‘నా వెయ్?’ అంటారు. ‘వెయ్’ అన్నది గౌరవనీయులను లెక్కించేటప్పుడు వాడే మాట. ‘ఎవరు నువ్వు?’ అనడానికి, ‘తమరెవరండీ?’ అనడానికి ఉన్న అంతరం తెలిసిన తెలుగువారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

‘ఎందుకు’ అన్నదానికి చైనామాట ‘వెయ్‌షన్‌మ’. ఈ ‘వెయ్’ పైన చెప్పిన ‘వెయ్’ కాదు. దీనికి ‘కొఱకు’ అని అర్థం. ‘షన్‌మ’ అనగా ఏమి. ‘ఏమి కొఱకు’ అన్నదే ‘ఎందుకు’ అయినది. తెలుగు ‘ఎందుకు’లో కూడా చివర ‘కు’ కనబడుతూనే ఉన్నది.

అవునా, కాదా

ప్రశ్నపదం లేని ప్రశ్నలు వేరొక జాతి. ‘నీవు పుస్తకం కొంటావా?’ అన్నదానిలో ఏమి, ఎవరు అన్న మాటలు లేవు; చివరి ‘ఆ’ ఒక్కటే ప్రశ్నను తెలుపుతున్నది. చైనాభాషలో ఈ ‘ఆ’ చేసే పనిని ‘మ’ అనే చిన్న మాట చేస్తుంది: ‘నీ మాయ్ షూ మ?’ వాక్యం యథాతథంగా ఉంటుంది. చివర ‘మ’ చేరుతుంది. ‘కొంటావా, కొనవా?’ అన్నట్లు అడగాలంటే ‘నీ మాయ్ పు మాయ్ షూ?’ అంటారు. ‘పు’ అనగా లేదు, కాదు. జవాబు చెప్పేవారు అవునని గాని కాదని గాని అననక్కరలేదు. ‘మాయ్’ అంటే కొంటాను, ‘పు మాయ్’ అంటే కొనను. తెలుగు సంభాషణలో కూడా ‘వస్తావా?’ అంటే ‘వస్తాను’ అనడమే సహజం.

ప్రశ్నపదం ఉన్న వాక్యానికి ‘మ’ చేర్చకూడదని పాఠ్యపుస్తకాలు హెచ్చరిస్తాయి. ‘నీ మాయ్ షన్‌మ?’ అన్నది పూర్తి ప్రశ్న. దానికి మరొక ప్రశ్నచిహ్నం అనవసరం. తెలుగులో ‘నీవు ఏమి కొంటావా?’ అనరు గదా! అయితే ఈ హెచ్చరిక వెనుక ఒక సూక్ష్మం ఉన్నది. చైనావారు ‘నీ మాయ్ షన్‌మ మ?’ అనే సందర్భాలు ఉన్నాయి. అప్పుడు దాని అర్థం ‘నీవు ఏమైనా కొంటావా?’ అని. ‘మ’ చేరగానే ‘ఏమి’ ప్రశ్నపదంగా ఉండటం మాని ‘ఏమైనా’గా మారిపోయింది. కాబట్టి ‘మ’ చేర్చిన విద్యార్థి పలికినది అర్థంలేని మాట అనుకోరాదు. తాను అడగదలచిన ప్రశ్నకు మారుగా వేరొక ప్రశ్న అతడు అడిగాడు. దుకాణదారు దానికి ‘కొంటాను’, ‘కొనను’ అన్న జాతి జవాబును వెదుక్కొంటాడు. తప్పును ఇట్లా చూపిన ఉపాధ్యాయుని మాట విద్యార్థికి ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఎవరు, ఎవరూ, ఎవరో

ప్రశ్నపదాలు అన్ని వేళలా ప్రశ్నించవు. తెలుగులో ‘ఎవరు’ అంటే ప్రశ్న. ‘ఎవరూ’ అంటే నిషేధంతో కలిసి సర్వులనూ తోసిపుచ్చే మాట. ‘ఎవరో’ అంటే తెలియని మనిషి. ‘ఎవరైనా’ అంటే ఫలానా అని లేని మనిషి. చివర ఒక అచ్చో, ఒక ప్రత్యయమో మారుస్తూ ఒకే మాటతో ఇన్ని పనులు చేయించుకొంటున్నారు. ఇంగ్లీషులో వీటికి చాలవరకు వేరువేరు మాటలు వెదుక్కోవలసివస్తుంది.

చైనాభాషలో మాట చివర ప్రత్యయాలు చేరవు. అందుచేత ప్రక్కనున్న మాటలే ఆ పని చేస్తాయి. ‘తౌ’ అనగా అంతా, అందరూ. ‘షేయ్ తౌ మాయ్’ అంటే ‘ఎవరైనా కొంటారు, అందరూ కొంటారు’ అని అర్థం. ‘షేయ్ తౌ పు మాయ్’ అంటే ‘ఎవరూ కొనరు’. ఇక ‘వో షన్‌మ తౌ పు మాయ్’ అన్న వాక్యం తెలుగువారు ముచ్చటపడదగినది. వో, నేను, షన్‌మ, ఏమి, తౌ, చివరి దీర్ఘం చేసే పని, పు మాయ్, కొనను. ‘నేను ఏమీ కొనను’. ఇక్కడ కర్మ క్రియకు ముందుకు వచ్చింది. చైనా వాక్యం తెలుగు వాక్యపు బాటలోనే నడిచింది.

‘ఎవరు ముందు వస్తే వారు ముందు కొంటారు’ అన్న భావానికి చైనావారు ‘ఎవరు’ అన్న మాటనే రెండుసార్లు పలుకుతారు: ఎవరు ముందు వచ్చుట, ఎవరు ముందు కొనుట. రెండవ ‘ఎవరు’ తెలుగులోని ‘వారు’ చేసే పని చేస్తుంది. ఈ వాక్యంలో ప్రశ్న లేదని తెలియనివాడు జవాబు కోసం తడుముకొంటాడు.

వాక్యంలో వాక్యం ఇమిడినప్పుడు మరొక విశేషం బయటపడుతుంది. ‘అతడు ఏమి కొంటాడో నాకు తెలుసు’ అన్నది ప్రశ్న కాదు. ‘అతడు ఏమి కొంటాడని నీవు అనుకొంటున్నావు?’ అన్నది ప్రశ్న. రెండింటిలోను ‘ఏమి’ లోపలి వాక్యంలోనే ఉన్నది. మొదటిదానిలో ‘ఓ’ ప్రశ్నను లోపలనే కట్టివేసింది. రెండవదానిలో ‘అని’ దానిని పైకి పోనిచ్చింది. చైనాభాషలో ‘ఓ’ లేదు, ‘అని’ లేదు. ‘వో చర్‌తావ్ థా మాయ్ షన్‌మ’ అంటే మొదటి వాక్యం. ‘నీ రన్‌వెయ్ థా మాయ్ షన్‌మ?’ అంటే రెండవది. ‘చర్‌తావ్’, అనగా తెలియుట, ప్రశ్నను లోపల ఉండనిస్తుంది. ‘రన్‌వెయ్’, అనగా తలచుట, ఉండనివ్వదు. క్రియాస్వభావమే అక్కడ సూచన. 1982లో హ్వాంగ్ చంగ్‌తె అనే భాషాశాస్త్రవేత్త అమెరికాలో సమర్పించిన సిద్ధాంతగ్రంథంలో ఇటువంటి వాక్యాలనే విమర్శించి, చైనా ప్రశ్నపదం చెవికి కదలకపోయినా అర్థంలో వాక్యారంభానికి చేరుకొంటుందని వాదించాడు. నాటినుండి ప్రపంచమంతటా వాక్యశాస్త్ర చర్చలలో చైనా ప్రశ్నవాక్యానికి ప్రముఖస్థానం లభించింది.

చరిత్రలో ప్రశ్న

ఈ పద్ధతి చైనాభాషలో మొదటినుండి ఇట్లాగే ఉన్నదా? లేదు. కన్ఫ్యూషియస్ నాటి ప్రాచీనభాషలో కర్మ సాధారణంగా క్రియ తరువాతనే వచ్చేది గాని, ఆ కర్మ ప్రశ్నపదమైతే క్రియకు ముందుకు వచ్చేది. ‘ఏమి’ అన్నదానికి నాటి మాట ‘హ’. ‘ఏమి కొను’ అన్న తెలుగు క్రమమే నాటి క్రమం. ఆకాశాన్ని, భూమిని, పూర్వరాజులను గూర్చి సుమారు 170 ప్రశ్నలతో సాగే ‘థ్యెన్ వన్’ అనే ప్రాచీనకావ్యం ఆ పాతభాషలోనిదే. దానిని ఛ్యూ యువాన్ మహాకవి రచించినట్లు సంప్రదాయం చెబుతున్నది. హాన్ వంశపు పాలనాకాలం నుండి ప్రశ్నపదం క్రమంగా క్రియ వెనుకకు జరిగి, మామూలు కర్మల సరసన చేరింది. ‘షన్‌మ’ అన్న మాట ఇంకా తరువాతిది. క్రీ. శ. 952లో కూర్చిన ‘చూథాంగ్‌చీ’ అనే బౌద్ధగ్రంథంలో దాని పూర్వరూపం విరివిగా కనబడుతుంది. అది ధ్యానసంప్రదాయపు గురుశిష్యుల సంవాదాల సంకలనం. శిష్యుడు అడిగిన ప్రశ్నను అడిగినట్లే వ్రాసిపెట్టడంవల్ల నాటి వాడుకభాష నేటికి దక్కింది.

ఇంత చరిత్ర ఉన్న భాషకు చైనావారే పాశ్చాత్యపద్ధతిలో వ్రాసుకొన్న తొలి సమగ్ర వ్యాకరణం 1898లో వెలువడింది. మా చ్యెన్‌చుంగ్ రచించిన ఆ గ్రంథానికి లాటిన్ వ్యాకరణం ఒరవడి. ఆయన కృషి గొప్పది. కాని పరాయి కొలతతో స్వభాషను కొలిచాడన్న విమర్శ తరువాతి తరంవారు చేశారు. పలుకుబడినే ఆధారం చేసుకొని వాక్యాన్ని పరిశీలించే మార్గం క్రమంగా బలపడింది. చావ్ యువాన్‌రన్ 1968లో ప్రకటించిన వ్యావహారిక చైనా వ్యాకరణం ఆ మార్గంలో ముఖ్యమైనది. ఒక భాషకు మరొక భాష ఒరవడి కావడంలో ఉన్న చిక్కు చైనావారికి తమ ఇంటిలోనే అనుభవమైనది.

ఉపాధ్యాయులకు

తెలుగు తరగతిగదిలో కూడా ఈ చిక్కు ఉన్నది. ‘ప్రశ్నపదం మొదట పెట్టు’ అన్న ఇంగ్లీషు సూత్రాన్ని పిల్లలు కంఠస్థం చేస్తారు. అది ఒక భాష సూత్రమని ఎవరూ చెప్పకపోవడంచేత, భాషలన్నిటికీ అదే సూత్రమని నమ్ముతారు. పెద్దవారై మూడవ భాష నేర్చుకొనేటప్పుడు రెండవ భాషనే కొలతగా పట్టుకొని వెళతారు. పుట్టినది మొదలు నోట ఆడుతున్న మొదటి భాష మూలనే పడి ఉంటుంది.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. ముందు జవాబు వ్రాయించాలి: ‘రాముడు బీజింగులో పుస్తకం కొంటాడు’. తరువాత అందులో ఒక్కొక్క మాటను తుడిపించి, ఆ ఖాళీలో తగిన ప్రశ్నపదం పెట్టించాలి. ఎవరు బీజింగులో పుస్తకం కొంటాడు అనగానే, ‘కొంటాడు’ పోయి ‘కొంటారు’ రావాలని పిల్లలే దిద్దుతారు. తెలుగు క్రియ కర్తను అనుసరిస్తుందని అప్పుడు వారికే తెలుస్తుంది. చైనాభాషలో ‘మాయ్’ ఎవరితోనూ మారదు. కాబట్టి అక్కడ ఈ దిద్దుబాటు కూడా లేదు. ఇంగ్లీషుకు వచ్చేసరికి అదే ఖాళీలో పెట్టిన మాటను మొదటికి తరలించాలి. మూడు భాషలనూ నల్లబల్ల మీద ప్రక్కప్రక్కన వ్రాసి చూపితే, ఇంగ్లీషులోనే ఒక పని అదనంగా ఉన్నదని పదేళ్ల పిల్లవాడు కూడా గ్రహిస్తాడు. ఇంగ్లీషు పాఠానికి దీనివల్ల నష్టం లేదు. ఆ అదనపు పని ఏమిటో తెలిసి చేసినవాడు దానిని ఇంకా శ్రద్ధగా చేస్తాడు.

చైనాభాష కష్టమైనదన్న మాటలో నిజం లేకపోలేదు. వేలకొలది లిపిచిహ్నాలు, నాలుగు స్వరాలు, లెక్కింపుమాటలు శ్రమ లేకుండా రావు. ప్రశ్నవాక్యం మాత్రం ఆ బరువులలో చేరదు. ‘ఎక్కడ నొప్పి?’ అని ఇంటిలో అమ్మను అడగడం తెలిసిన పిల్లవాడికి ఆ మాట వాక్యంలో ఎక్కడ నిలుస్తుందో అప్పుడే తెలుసు. వేల మైళ్ల దూరాన రోగి మంచం దగ్గర నిలబడినప్పుడు అతడు క్రొత్తగా నేర్వవలసినవి ఒక మాట, దాని స్వరం. పదక్రమాన్ని అతడు ఇంటినుండే తీసుకొని వెళ్లాడు.